ఏ స్టేట్ పర్మిట్ మంచిది?

పోయిన ఆదివారం పొద్దున్నే మా పిన్ని కొడుకు ఫోన్ చేశాడు. వాడికి ఎడిసన్‌లో ఇల్లు, డాలస్‌లో ప్రాజెక్టు. సోమవారం విమానం ఎక్కడం, గురువారం రాత్రి దిగడం. గ్రీన్ కార్డ్ చేతికొచ్చి రెణ్ణెల్లయింది. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక అసలు విషయానికొచ్చాడు.

"అన్నయ్యా, నాన్ రెసిడెంట్ క్యారీ పర్మిట్లలో ఏది మంచిది? యూటానా, ఫ్లోరిడానా? నువ్వు అప్పట్లో తీసుకున్నావట కదా."

ఎవరు చెప్పార్రా అంటే నవ్వేసి ఊరుకున్నాడు. నేను మారేడ్‌పల్లిలో బాల్కనీలో కాఫీ తాగుతూ ఉన్నాను. వెంటనే సమాధానం చెప్పలేక, సాయంత్రం చేస్తానని పెట్టేశాను. వాడికి చెప్పిందీ, చెప్పకుండా మింగేసిందీ రెండూ కలిపి ఇక్కడ రాస్తున్నాను. మనవాళ్ళలో ఇదే ప్రశ్న వేసుకుంటున్నవాళ్ళు చాలామందే ఉన్నారని నాకు తెలుసు.

ముందు ఆ మాట సంగతి. నాన్ రెసిడెంట్ అనగానే మనకి ఎన్నారై, ఎన్నారీ అకౌంటు గుర్తొస్తాయి. ఇక్కడ అర్థం అది కాదు. అమెరికాలో తుపాకీ దాచిపెట్టుకుని తిరగడానికి పర్మిట్ ఇచ్చేది కేంద్రం కాదు, రాష్ట్రాలు. కొన్ని రాష్ట్రాలు తమ దగ్గర కాపురం లేనివాళ్ళకి కూడా ఇస్తాయి. ఆ పర్మిట్‌ని మరికొన్ని రాష్ట్రాలు గుర్తిస్తాయి. అంటే న్యూజెర్సీలో ఉంటూ, యూటా గడప తొక్కకుండా, యూటా పర్మిట్‌తో టెక్సాస్‌లో తిరగొచ్చు. మన కన్సల్టెంట్ బతుకులకి అచ్చు గుద్దినట్టు సరిపోయే ఏర్పాటు :-)

నేను తీసుకున్నది 2017లో. కారణం చెప్పడానికి సిగ్గేమీ లేదు, భయం.

ఆ ఏడాది ఫిబ్రవరి 22 రాత్రి కాన్సాస్‌లోని ఒలేతాలో ఆస్టిన్స్ బార్ అండ్ గ్రిల్‌లో కూచిభొట్ల శ్రీనివాస్‌ని కాల్చి చంపారు. 32 ఏళ్ళు. గార్మిన్‌లో ఇంజనీరు, మన జేఎన్‌టీయూలో చదివినవాడు. ఆఫీసు అయ్యాక స్నేహితుడితో కలిసి కూర్చున్నాడు, అంతే. ఒకడు వచ్చి మీరెక్కడివాళ్ళు, ఏ వీసా మీద వచ్చారు అని గొడవపెట్టుకున్నాడు. వాణ్ణి బయటికి పంపేశారు. తిరిగొచ్చి, మా దేశం నుంచి పొండి అని అరుస్తూ కాల్చాడు. స్నేహితుడు గాయాలతో బయటపడ్డాడు.

ఆ వారమంతా మా అమ్మ సికింద్రాబాద్ నుంచి రోజుకి రెండుసార్లు ఫోన్ చేసేది. బయట తెలుగులో మాట్లాడకండిరా అనేది. ఆ మాట నన్ను పొడిచింది. పదమూడేళ్ళుగా అక్కడ పన్ను కడుతున్నవాణ్ణి, గ్రీన్ కార్డ్ వచ్చి మూడేళ్ళయినవాణ్ణి, కిరాణా కొట్లో కూతురితో తెలుగులో మాట్లాడ్డానికి భయపడాలా? ఆ రాత్రే ఎక్సెల్ షీట్ తెరిచాను. సాఫ్ట్‌వేర్ వాడికి భయమేస్తే చేసే మొదటి పని అదే కదా. కోపమొచ్చినా అదే.

అడ్డంగా రాష్ట్రాలు, నిలువుగా ప్రశ్నలు. ఎవరిస్తారు, ఎన్నేళ్ళు, క్లాసు ఎలా, ఎన్ని రాష్ట్రాల్లో చెల్లుతుంది.

ఫ్లోరిడా పర్మిట్ ఇచ్చేది అక్కడి వ్యవసాయ, వినియోగదారుల సేవల శాఖ. జోకు కాదు, నిజం. పంటలకీ పిస్తోళ్ళకీ ఒకటే శాఖ. ఏడేళ్ళు చెల్లుతుంది. శిక్షకుడి ఎదుట కనీసం ఒక్కసారైనా కాల్చి చూపించాలి. ఆరిజోనాలో పబ్లిక్ సేఫ్టీ శాఖ ఇస్తుంది, అయిదేళ్ళు. యూటాలో నేర నమోదు విభాగం ఇస్తుంది, అదీ అయిదేళ్ళే. చాలా రాష్ట్రాల్లో చెల్లుతుంది. టెక్సాస్ గుర్తిస్తుంది. యూటా శిక్షకులు న్యూజెర్సీకే వచ్చి క్లాసులు పెట్టేవాళ్ళు. 2011 నుంచి యూటా ఒక మెలిక పెట్టింది. నీ సొంత రాష్ట్రం యూటా పర్మిట్‌ని గుర్తించేదైతే ముందు సొంత రాష్ట్రం పర్మిట్ తెచ్చుకో అని. న్యూజెర్సీ ఎవరి పర్మిట్‌నీ గుర్తించదు కాబట్టి నాకు ఆ బాధ లేదు. షీట్‌లో యూటా గెలిచింది.

ఒక శనివారం హైవే పక్క హోటల్లో క్లాసు, సుమారు నాలుగు గంటలు. తుపాకీ ఎలా పట్టుకోవాలి, ఎలా దాచాలి, ఎప్పుడు కాల్చడం ఆత్మరక్షణ అవుతుంది, ఎప్పుడు హత్య అవుతుంది. యూటాకి ఒక్క గుండు కూడా కాల్చి చూపించనక్కర్లేదు. డ్రైవింగ్ లైసెన్సుకి సమాంతర పార్కింగ్‌లో రెండుసార్లు ఫెయిలైన నాకు, ఇది పేపర్ మీద పాసైపోవడం కొంచెం వింతగానే అనిపించింది. వేలిముద్రలు, ఫోటో, గ్రీన్ కార్డ్ నకలు, శిక్షకుడి ముద్ర ఉన్న కాగితం పోస్టులో పంపాను. రెండు నెలల్లోపే కార్డు వచ్చింది.

పర్మిట్ కన్నా పిస్తోలు కొనడమే కష్టమైంది. న్యూజెర్సీ వాడు టెక్సాస్ దుకాణంలో పిస్తోలు కొని చేతపట్టుకుని రాలేడు, ఫెడరల్ చట్టం ఒప్పుకోదు. సొంత రాష్ట్రం డీలర్ దగ్గరే తీసుకోవాలి. దానికి మా ఊరి పోలీసుల దగ్గర గుర్తింపు కార్డు, కొనుగోలు పర్మిట్, నా గురించి మంచివాడని చెప్పే ఇద్దరు హామీదారులు కావాలి. ఇద్దరు స్నేహితుల్ని అడిగాను. ఒకడు వెంటనే సరేనన్నాడు. రెండోవాడు, "మీ ఆవిడకి చెప్పావా?" అన్నాడు.

చెప్పలేదు. ఆ సాయంత్రం చెప్పాను. మా ఆవిడ వాదించలేదు, అరవలేదు. "ఎక్కడ పెడతావ్?" అని మాత్రం అడిగింది. మా పాపకి అప్పుడు నాలుగేళ్ళు. బీరువాలో పై అరలో దాచిన చాక్లెట్లు కుర్చీ వేసుకుని తీసే వయసు. పిస్తోలు కన్నా ముందు ఇనప్పెట్టె కొన్నాను.

ఇక డాలస్ సంగతి. మొదటి సోమవారమే తెలిసింది, నా షీట్‌లో ఒక కాలమ్ లేదని. నా రోజు ఎక్కడెక్కడ గడుస్తుంది అన్న కాలమ్.

క్లయింట్ ఆఫీసు గుమ్మం మీద ఇంగ్లీషులో, స్పానిష్‌లో అంగుళం అక్షరాలతో బోర్డు. టెక్సాస్‌లో దాన్ని 30.06 అంటారు, శిక్షాస్మృతిలో ఆ సెక్షన్ నంబరు. పర్మిట్ ఉన్నా సరే దాచిన తుపాకీతో లోపలికి రాకూడదని అర్థం. అక్కడితో రోజుకి పది గంటలు పోయాయి. బార్లలో, అంటే ఆదాయంలో 51 శాతం పైగా అక్కడ తాగే మద్యం మీదే వచ్చే చోట్లలో, పర్మిట్ ఉన్నవాడు కూడా తుపాకీతో అడుగుపెడితే నేరం. నన్ను భయపెట్టింది ఒక బార్‌లో జరిగిన ఘోరం. అలాంటి చోటుకే తీసుకెళ్ళకూడని వస్తువు నా దగ్గరుంది.

ఇంకోటి. స్కూలుకి వెయ్యి అడుగుల లోపల తుపాకీ ఉండకూడదని ఫెడరల్ చట్టం. ఆ స్కూలున్న రాష్ట్రమే ఇచ్చిన పర్మిట్ ఉంటే మినహాయింపు. యూటా పర్మిట్‌ని టెక్సాస్ గుర్తించడం వేరు, టెక్సాసే ఇవ్వడం వేరు అని ఆ చట్టం చూసే ఏటీఎఫ్ లెక్క. హోటల్ నుంచి ఆఫీసుకి వెళ్ళే దారిలో రెండు స్కూళ్ళు. ఇదంతా చదివాక ఆ పిస్తోలు వారంలో నాలుగు రోజులూ హోటల్ గదిలో, పెట్టెలో, తాళం వేసి ఉండేది. నేను దాన్ని న్యూజెర్సీ నుంచి డాలస్‌కి తీసుకెళ్ళి, పడుకోబెట్టి, మళ్ళీ తీసుకొచ్చేవాణ్ణి.

ఆ తీసుకురావడంలోనే జరిగింది అసలు కథ.

విమానంలో తుపాకీ తీసుకెళ్ళాలంటే గుళ్ళు తీసేసి, గట్టి పెట్టెలో తాళం వేసి, కౌంటర్ దగ్గర చెప్పి, చెకిన్ లగేజీలో వెయ్యాలి. 1986 నాటి ఫెడరల్ చట్టం ఒకటుంది. తుపాకీ ఉండటం న్యాయబద్ధమైన చోటు నుంచి అలాంటి మరో చోటుకి వెళ్తూ, మధ్యలో వేరే రాష్ట్రం దాటాల్సొస్తే, తుపాకీ ఖాళీగా, చేతికి అందకుండా ఉన్నంతవరకు ఆ చట్టం కాపాడుతుంది. 2018 వేసవిలో ఒక గురువారం రాత్రి నెవార్క్ మీద ఉరుములు మెరుపులు. మా విమానాన్ని న్యూయార్క్‌లో లాగార్డియాకి మళ్ళించారు. దిగాక ప్రకటన: ఇక్కడితో సరి, మీ సామాన్లు తీసుకోండి, నెవార్క్‌కి బస్సు ఏర్పాటు చేస్తాం.

అందరూ పరుగు. నేను మాత్రం కదల్లేదు. ఎందుకంటే 2005లో యూటా నుంచి పెన్సిల్వేనియా వెళ్తున్న ఒకాయన కథ నాకు క్లాసులో చెప్పారు. నెవార్క్‌లో కనెక్షన్ తప్పింది. సామాను చేతికిచ్చారు. రాత్రి హోటల్లో ఉండి, పొద్దున్నే నిజాయితీగా కౌంటర్ దగ్గర నా పెట్టెలో తుపాకీ ఉందని చెప్పాడు. అరెస్టు చేశారు. కేసు తర్వాత ఎత్తేశారు కానీ, ఆయన వేసిన దావాని 2010లో ఫెడరల్ అప్పీలు కోర్టు కొట్టేసింది. పెట్టె చేతికొచ్చాక, రాత్రంతా అందుబాటులో ఉన్నాక, ఆ 1986 చట్టం కాపాడదని తేల్చింది. విమానం తప్పడం ఆయన తప్పు కాదు. అయినా సరే.

ఇంకొక కేసు అంతకన్నా ఘోరం. ఫిలడెల్ఫియాలో పర్మిట్ ఉన్న ఒక తల్లి 2013లో వంతెన దాటి న్యూజెర్సీలోకి వచ్చింది. ట్రాఫిక్ పోలీసు ఆపితే, నా దగ్గర తుపాకీ ఉంది, ఇదిగో పర్మిట్ అని తనే చెప్పింది. మూడున్నరేళ్ళ జైలు దాకా వెళ్ళే పరిస్థితి వచ్చి, చివరికి 2015లో గవర్నరు క్షమాభిక్ష పెడితే బయటపడింది. ఆమె పౌరురాలు. నేను గ్రీన్ కార్డ్ వాణ్ణి. మనకి తుపాకీ నేరం ఒక్కటి రుజువైతే దేశం నుంచి పంపెయ్యడానికి అదొక్కటే చాలు. మా ఆవిడ, పాప, ఎడిసన్ ఇల్లు, అన్నీ ఆ పెట్టె మీద కూర్చున్నాయి.

బ్యాగేజీ ఆఫీసుకెళ్ళి, నా పెట్టె నాకొద్దు, నెవార్క్‌కే పంపండి అన్నాను. కౌంటర్‌లో ఆవిడకి అర్థం కాలేదు. "పొద్దున్నించి అందరూ పెట్టె ఏదీ అని నా మీద అరుస్తున్నారు, మీదిగో ఉంది, తీసుకోండి" అని వెనక గదిలోంచి తెచ్చి నా ముందుకి తోసింది. నేను రెండడుగులు వెనక్కి వేశాను. సొంత పెట్టె. అందులో మా పాపకి కొన్న బొమ్మ కూడా ఉంది. చెయ్యి తగిలితే చాలు న్యూయార్క్‌లో నా అధీనంలో లైసెన్సు లేని పిస్తోలు ఉన్నట్టే. ఇరవై నిమిషాలు బతిమాలాక సూపర్‌వైజర్ వచ్చి, కాగితం మీద సంతకం పెట్టించుకుని, పెట్టెని లోపలికి తీసుకెళ్ళాడు. రెండ్రోజుల తర్వాత నెవార్క్‌లో తీసుకున్నాను.

ఆ రాత్రి బస్సులో కూర్చుని ఆలోచించాను. ఏడాదిన్నరలో నాకు ఎవడూ ఎదురురాలేదు. ఎవడూ మీ దేశం పో అనలేదు. నేను నిజంగా చెమటలు పట్టేలా భయపడ్డది ఒక్కసారే, అదీ నన్ను కాపాడ్డానికి కొన్న వస్తువు వల్ల.

అప్పుడే ఒలేతా సంగతి మళ్ళీ మొత్తం చదివాను. మొదటిసారి భయంతో చదివినప్పుడు కనపడనిది ఈసారి కనపడింది. కాన్సాస్‌లో 2015 నుంచే పర్మిట్ లేకుండా తుపాకీ పెట్టుకు తిరగొచ్చు. చట్టం అడ్డు లేదు. ఆ రాత్రి హంతకుణ్ణి ఆపబోయింది ఇయాన్ గ్రిలట్ అనే 24 ఏళ్ళ కుర్రాడు. బల్ల కింద దాక్కుని పేలుళ్ళు లెక్కపెట్టాడు. తొమ్మిది అయ్యాయి, ఇక ఖాళీ అయుంటుందని లేచి వట్టి చేతులతో వెంటపడ్డాడు. లెక్క తప్పింది. గుండు చేతిలోంచి ఛాతీలోకి దూసుకెళ్ళింది, అదృష్టం బాగుండి బతికాడు. హ్యూస్టన్‌లో మనవాళ్ళు అతనికి ఇల్లు కొనుక్కోమని లక్ష డాలర్లు పోగుచేసి ఇచ్చారు. అతని దగ్గర తుపాకీ ఉంటే ఏమయ్యేదో నేను చెప్పలేను, ఎవరూ చెప్పలేరు. కానీ నాకు ఆ రాత్రి గుర్తుండాల్సిన మనిషిగా హంతకుడు ఒక్కడే మిగిలాడు, ఏడాదిన్నర పాటు. ఇతను గుర్తులేడు. భయం చేసే పని అదేనేమో.

2019లో మేం సికింద్రాబాద్ వచ్చేశాం. కారణాలు వేరే, అమ్మ ఆరోగ్యం. వచ్చేముందు పిస్తోలు డీలర్‌కి అమ్మేశాను. యూటా కార్డు 2022లో కాలం తీరిపోయింది, రెన్యూ చెయ్యలేదు.

ఇక్కడ మా కింది ఫ్లాట్‌లో ఒక పెద్దాయన ఉన్నారు. తిరుమలగిరి కంటోన్మెంట్‌లో పెరిగి, ఫౌజులో పాతికేళ్ళు చేసి, రిటైరయ్యాక సొంత డబుల్ బ్యారెల్‌తో ఒక బ్యాంకులో గన్‌మన్‌గా పనిచేశారు. ఇప్పుడు ఆ ఉద్యోగమూ లేదు, తుపాకీ మాత్రం ఉంది. 2023 అసెంబ్లీ ఎన్నికల ముందు పోలీస్ స్టేషన్లో జమ చెయ్యడానికి వెళ్తుంటే కారులో నేనే దింపాను. దారిలో నా కథంతా చెప్పాను. పెట్టె ముందు రెండడుగులు వెనక్కి వేసిన చోట పడిపడి నవ్వారు.

"బేటా, పొద్దున పదింటి నుంచి అయిదింటి దాకా నేను బ్యాంకుకి కాపలా. తర్వాత పొద్దున దాకా ఈ తుపాకీకి కాపలా. రెండో డ్యూటీకి జీతం లేదు" అన్నారు.

మన పద్ధతి మీకు తెలిసిందే. 1959 ఆయుధాల చట్టం, 2016 నిబంధనలు. నగరంలో అయితే పోలీస్ కమిషనర్‌కి దరఖాస్తు, పోలీసు విచారణ, ఆయుధం సురక్షితంగా వాడటంలో శిక్షణ, నీకు ఎందుకు కావాలో కారణం. 2019 సవరణ తర్వాత లైసెన్సు అయిదేళ్ళు, మనిషికి రెండు ఆయుధాలు మించకూడదు. ఏ ప్రాంతంలో చెల్లుతుందో లైసెన్సు మీదే రాస్తారు. ఇక్కడ ఆఫీసరు "నీకెందుకివ్వాలి?" అని అడుగుతాడు. యూటాలో "నీకెందుకు ఇవ్వకూడదు?" అని చూస్తారు. మొదటి పద్ధతిలో పలుకుబడి ఉన్నవాడికి దొరుకుతుంది, లేనివాడు తిరుగుతూనే ఉంటాడు, అది నాకు నచ్చదు. కానీ ఆ ప్రశ్న మాత్రం మంచిదే. 2017లో నన్ను ఎవరూ అడగలేదు. నన్ను నేనూ అడుక్కోలేదు, షీట్ నింపే హడావిడిలో.

సాయంత్రం తమ్ముడికి ఫోన్ చేశాను. పర్మిట్ల సంగతి చెప్పాను. 2022 జూన్లో సుప్రీంకోర్టు బ్రూయెన్ తీర్పు తర్వాత న్యూజెర్సీ కూడా ప్రత్యేక అవసరం చూపించమని అడగటం మానేసింది, కాబట్టి ముందు సొంత రాష్ట్రం సంగతి చూసుకో అన్నాను. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే తిరగొచ్చు, టెక్సాస్ 2021 నుంచి అందులో ఉంది, అయినా స్కూళ్ళ చట్టం అలాగే ఉంది అని చెప్పాను. వాడి రూమ్మేట్ హెచ్‌వన్ మీద ఉన్నాడు, సరదాగా షూటింగ్ రేంజ్‌కి తీసుకెళ్తానన్నాడు. ఆగమన్నాను. హెచ్‌వన్, ఎఫ్‌వన్ లాంటి వీసాల మీద ఉన్నవాళ్ళు తుపాకీ చేతబట్టడమే ఫెడరల్ నేరం. వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఉల్లిపాయ కూడా ముట్టని మనవాళ్ళు జింకల వేటకి లైసెన్సు తీసుకునేది అందుకే. అది లేకుండా రేంజ్‌లో ఒక ఫోటో దిగి ఫేస్‌బుక్‌లో పెట్టాడా, సాక్ష్యం తనే ఇచ్చినట్టు.

"అయితే వద్దంటావా?" అన్నాడు.

వద్దనలేదు. వాడి భయం నాకు తెలుసు. 2023 మేలో డాలస్ పక్కన ఆలెన్ మాల్‌లో చనిపోయిన ఎనిమిది మందిలో మన హైదరాబాద్ అమ్మాయి, ఇంజనీరు, ఉంది. వాడు వారం వారం వెళ్ళేది ఆ మాల్‌కే. అలాంటివాడికి సికింద్రాబాద్ బాల్కనీలో కూర్చుని ధైర్యం చెప్పడం తేలిక. శనివారం క్లాసు ఉందిట, వెళ్ళమనే చెప్పాను. వారంలో ఏ గంట ఎక్కడుంటావో ఒక కాగితం మీద రాసుకుని, అందులో ఎన్ని గంటలు అది నీ ఒంటి మీద ఉండనిస్తారో లెక్కపెట్టి, తర్వాత ఫీజు కట్టు అన్నాను. లాగార్డియా కథ రెండుసార్లు చెప్పాను.

అంతా విని "సరే అన్నయ్యా, థాంక్స్" అని పెట్టెయ్యబోతుంటే అడిగాను, మీ ఆవిడకి చెప్పావా అని.

అవతల కాసేపు ఏం వినపడలేదు. లైన్ కట్టయిందేమో అనుకున్నాను. కట్టవలేదు.